హాపీ రెడ్ ఏల్: ముందు ముక్కుకి, తర్వాతే నాలుకకి

ప్రశ్న: "బెంగళూరులో రెడ్ ఏల్ తాగాను. రంగు బాగుంది కానీ చేదు తట్టుకోలేకపోయాను. ఇలాంటి బీరుని ఎలా రుచి చూడాలి? మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకి ఇది ఎప్పటికైనా నచ్చుతుందా?"

తప్పకుండా నచ్చుతుంది. కాకరకాయ, ఉస్తికాయ, వేపపువ్వు తిని పెరిగిన నాలుక మనది. చేదు మనకేం కొత్త కాదు. మీకు దాన్ని బాగా చల్లగా ఇచ్చి ఉంటారు, మీరు వాసన చూడకుండా గుటక వేసి ఉంటారు. అంత చల్లగా ఉంటే హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు; అవి ఎక్కువేసిందే హాపీ బీరు) వాసన పైకి రాదు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి నాలుకకి తెలియదు. ఇంక మిగిలేది చేదొక్కటే. గ్లాసుని కాసేపు టేబుల్ మీద వదిలేసి, 8 నుంచి 12 డిగ్రీల మధ్యకి వచ్చాక ముట్టుకోండి. ముందు వాసన, తర్వాత చిన్న గుక్క. ఆ గుక్కని నోరంతా తిప్పి మింగి, మళ్లీ ముక్కుతో గాలి వదలండి. అప్పుడు వచ్చే వాసనే అసలైంది.

ఇది నాకు నేర్పింది మా మేనమామ. ఆయనది దామలచెరువులో మామిడికాయల వ్యాపారం. తొడిమ దగ్గర ఒక్కసారి వాసన చూసి కాయ సంగతంతా చెప్పేస్తాడు. సరుకు డబ్బుల పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు, డ్రైవర్ ఉన్నాడు కదా అని ఆయన్ని అక్కడే బీరు తయారుచేసి అమ్మే ఒక బ్రూపబ్‌కి తీసుకెళ్లాను. మామ తాగడం కంటే అడగడమే ఎక్కువ. "ఇందులో ఏమేస్తారు, చూపించండి" అని పట్టుబడితే, అక్కడి బ్రూవర్ ముచ్చటపడి కాసిని హాప్స్ గుళికలు చేతిలో పోశాడు. అది కాస్కేడ్ రకం, 1972లో అమెరికాలో విడుదల చేసింది. మామ వాటిని అరచేతుల మధ్య నలిపి వాసన చూసి, "ఇది పంపరపనస తొక్క రా" అన్నాడు. బ్రూవర్ నవ్వేశాడు. కాస్కేడ్ గురించి ప్రపంచమంతా చెప్పే మాట అదే.

మిగిలిన గుళికలు పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే రెండు గిన్నెల్లో నీళ్లు పెట్టాడు. ఒక గిన్నెలో చిటికెడు హాప్స్ వేసి చాలాసేపు మరగనిచ్చాడు. రెండో గిన్నెని కాచి దించేశాక, అందులో ఇంకో చిటికెడు వేసి మూత పెట్టాడు. వంటింట్లో ఆ వాసనకి అత్త లేచొచ్చింది. "ఏమయ్యా, పొద్దున్నే ఏం కషాయం ఇది?" అంది. ముగ్గురం తలో చెంచా రుచి చూశాం. మరగబెట్టింది గొంతు దాకా చేదు, వాసన మాత్రం దాదాపు లేదు. దించాక వేసిందాంట్లో చేదు తక్కువ, పంపరపనస వాసన గుప్పుమంది.

హాపీ ఏల్ కిటుకంతా ఆ రెండు గిన్నెల్లోనే ఉంది. హాప్స్‌లో ఉండే ఆల్ఫా ఆమ్లాలు మరిగేకొద్దీ చేదుగా మారతాయి. వాసన ఇచ్చే నూనెలు ఆవిరితో పోతాయి. అందుకే బ్రూవర్లు చేదు కోసం కొన్ని హాప్స్ మొదట్లో, వాసన కోసం ఇంకొన్ని చివర్లో వేస్తారు. కొందరు పులిసిన తర్వాత చల్లటి బీరులోనూ వేస్తారు.

ఆ తర్వాత అత్త చేసిన పని ఇంకా బాగుంది. చేదు గిన్నెలో చిన్న బెల్లం ముక్క వేసి కలిపి, "ఇప్పుడు చూడండి" అంది. చేదు పోలేదు, కానీ పదును తగ్గి తాగాలనిపించేలా అయింది. కాకరకాయ పులుసులో బెల్లం చేసే పనే రెడ్ ఏల్‌లో క్రిస్టల్ మాల్ట్ (పాకం రుచి వచ్చేలా వేయించిన మాల్ట్) చేస్తుంది. ఆ ఎరుపు కూడా ఎక్కువగా దాన్నుంచే వస్తుంది. రంగు కలుపుతారని కొందరు అనుకుంటారు, మామూలుగా ఆ అవసరం ఉండదు. మీరు తాగేటప్పుడు ఆ తీపి ఎక్కడ మొదలై ఎక్కడ చేదుకి దారిస్తుందో గమనించండి. మంచి రెడ్ ఏల్‌లో ఆ రెండూ ఒకదాన్నొకటి మింగెయ్యవు.

చేదుని ఐబీయూ అనే కొలతలో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ చేదు ఎక్కువ. తేలికపాటి మామూలు అమెరికన్ లాగర్ బీరు 8 నుంచి 18 మధ్య ఉంటే, రెడ్ ఏల్‌కి దగ్గరి చుట్టమైన అమెరికన్ ఆంబర్ ఏల్ 25 నుంచి 40 దాకా, హాప్స్ ఇంకా దట్టించిన రెడ్ ఐపీఏ 40 నుంచి 70 దాకా ఉంటుంది. ఐరిష్ రెడ్ మాత్రం 18 నుంచి 28 మధ్యే. మీరు దాంతో మొదలుపెట్టి ఆంబర్‌కి, ఆ తర్వాత రెడ్ ఐపీఏకి వెళ్లండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. మన దగ్గర బీరు అంటే స్ట్రాంగ్. ఎంత శాతం, ఎంత కిక్ అన్న లెక్క తప్ప రుచి గురించి అడిగేవాళ్లు లేరు. ఆంబర్ ఏల్ మామూలుగా 4.5 నుంచి 6.2 శాతం లోపే ఉంటుంది. కిక్ కోసం అయితే దాని జోలికే పోవద్దు. రెండోది, ఎండల్లో షాపుల ముందు బీరు పెట్టెలు పేర్చడం. మే నెల తిరుపతి వేడికి హాప్స్ వాసన త్వరగా చచ్చిపోతుంది. ఆకుపచ్చ సీసాకో, తెల్ల సీసాకో ఎండ తగిలితే హాప్స్‌లోని పదార్థాలు చెడి కంపు పుడుతుంది. తర్వాత ఎంతసేపు ఫ్రిజ్‌లో పెట్టినా అది పోదు. హాపీ బీరు సీసాలో కొంటే గోధుమరంగు సీసాయే కొనండి, తయారీ తేదీ చూసే కొనండి.

ఇంకొకటి, దర్శనానికి వచ్చినవాళ్లు ఈ సరదాని ఆ ప్రయాణంలో కలపకండి. కొండ మీద మద్యం నిషేధం. కొండ దిగాక కూడా ఆ రోజు వద్దనే నా మాట.

నంజుకోవడానికి కారం వేపుళ్లు వద్దు. హాప్స్ చేదు, ఆల్కహాల్ రెండూ కారాన్ని ఇంకా మండిస్తాయి, తర్వాత నాలుకకి ఏ రుచీ తెలియదు. ఉప్పేసి ఉడకబెట్టిన చెనిక్కాయలు చాలు. ఉప్పు చేదుని తగ్గిస్తుంది కాబట్టి మాల్ట్ తీపి బాగా తెలుస్తుంది. ఈసారి బెంగళూరు వెళ్లినప్పుడు నేరుగా పెద్ద గ్లాసు తెప్పించుకోకండి. రుచి చూసే చిన్న గ్లాసు అడగండి, ఆ బ్యాచ్ ఎప్పుడు తీశారో కూడా అడగండి. తాజాది కాకపోతే ఆ రోజుకి వేరేది తాగండి.