అడాసిటీ పొగడ్తా, తిట్టా?

ప్రశ్న: మా కార్యాలయంలో పదవీ విరమణ చేస్తున్న అధికారిణికి ఇంగ్లీషులో సన్మానపత్రం రాసే పని నాకు అప్పగించారు. ఎంతటివారి ఎదుటనైనా నదురూ బెదురూ లేకుండా మాట్లాడే మనిషి కనుక ఆవిడను ‘బ్రేజెన్’ అనీ, ఆవిడకు ‘అడాసిటీ’ ఉందనీ రాశాను. మా సీనియరు ఒకాయన ఆ రెండు మాటలూ కొట్టివేయమన్నారు, కారణం మాత్రం చెప్పలేదు. ఈ రెండూ ధైర్యాన్ని చెప్పే మాటలు కావా? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: బ్రేజెన్ విషయంలో ఆయన చెప్పినది పూర్తిగా సబబు, అడాసిటీ విషయంలో ముప్పాతిక వంతు సబబు.

బ్రేజెన్ అంటే మొదట ఇత్తడితో చేసినది అని అర్థం. మీ జిల్లాలో బుడితి పనివారు తయారుచేసే ఇత్తడి సామాను మీరు చూసే ఉంటారు. ఆ లోహంతో చేసిన ముఖం ఎవరు ఎంత తిట్టినా కందదు, సిగ్గుతో ఎర్రబడదు. అటువంటి ముఖం గలవాడే బ్రేజెన్. బ్రిటన్‌లో సిగ్గులేనితనాన్ని ‘బ్రాస్ నెక్’ అని, అంటే ఇత్తడి మెడ అని కూడా అంటారు. అందువల్ల ఈ మాట అబద్ధం, దోపిడీ, లంచం వంటి వాటి పక్కనే ఎక్కువగా కనబడుతుంది. పట్టపగలు నడిబజారులో జరిగిన దొంగతనాన్ని ఇంగ్లీషు పత్రికలు బ్రేజెన్ అని రాస్తాయి. పట్టుబడిన తరవాత కూడా చీమ కుట్టినట్టయినా లేకుండా నిలబడి బుకాయించడాన్ని ‘బ్రేజెన్ ఇట్ అవుట్’ అంటారు. మీ అధికారిణి ఆ మాట చదివి ఉంటే సన్మానం ఏ రూపం దాల్చేదో ఊహించవచ్చు.

ఇంగ్లీషులో ఇలాంటి మాటలను వాడబోయే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోవడం మంచిది: ఈ మనిషికి లేనిది భయమా, సిగ్గా? బ్రేవ్, డేరింగ్, ఫియర్‌లెస్ అనేవి భయం లేకపోవడాన్ని చెబుతాయి. బ్రేజెన్, షేమ్‌లెస్, బేర్‌ఫేస్డ్, ఇంపూడెంట్ అనేవి సిగ్గు లేకపోవడాన్ని చెబుతాయి. ఇంపూడెంట్‌కు మూలమైన లాటిన్ మాటకు సిగ్గు లేని అనే అర్థం. సిగ్గులేనితనాన్నే చెప్పే ఎఫ్రంటరీ అనే మాటకు మూలమైన లాటిన్ మాటలో నుదురు దాగి ఉంది. బేర్‌ఫేస్డ్ అంటే ముసుగు కూడా అక్కరలేని ముఖం. ‘ఏ ముఖం పెట్టుకుని వచ్చావు’ అని అడిగే మనకు సిగ్గు ముఖంలోనే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

అడాసిటీ మాత్రం ఈ పరీక్షకు లొంగదు. తెగించడం అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి వచ్చిన ఈ మాట ఒకప్పుడు గౌరవంగానే బతికింది. 1792లో పారిస్ శాసనసభలో ఫ్రెంచి విప్లవ నాయకుడు డాంటన్ ‘సాహసం, మరింత సాహసం, ఎల్లప్పుడూ సాహసం’ కావాలని గర్జించినప్పుడు వాడిన ఫ్రెంచి మాట దీనికి తోబుట్టువే. ఈనాటికీ ఒక పథకంలోని అడాసిటీని మెచ్చుకోవచ్చు. కానీ ‘ఫలానా పని చేసే అడాసిటీ అతనికి ఉంది’ అన్నామంటే ‘ఆ పని చేయడానికి వాడెవడు’ అని కసిరినట్టే. చేసిన పని ఎంత పెద్దదన్నది అక్కడ ప్రశ్న కాదు, చేసినవాడికి ఆ హక్కు ఉందా లేదా అన్నదే ప్రశ్న. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలిన తరవాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శత్రు శిబిరంలోకి చొరబడి విజయరామరాజును డేరాలోనే హతమార్చాడు. ఆ సంగతిని బొబ్బిలివారు ఇంగ్లీషులో రాస్తే డేరింగ్ అని రాస్తారు, విజయనగరంవారు రాస్తే అడాసిటీ అని రాస్తారు. టెమెరిటీ అనే మరో మాట కూడా ఉంది కానీ అది మన దుస్సాహసం, దానిని సన్మానపత్రం దరిదాపులకు రానీయకండి. ఆవిడకు ‘ఫోర్త్‌రైట్’ (ఉన్నమాటను సూటిగా చెప్పే మనిషి) అనే మాట చక్కగా అమరుతుంది. ‘అవుట్‌స్పోకెన్’ అనవచ్చు గానీ, అందులో ఆవిడ నోటికి జడిసినవారి గొంతు కొంత వినబడుతుంది.

ప్రశ్న: మనం ‘ఎన్ని గుండెలు నీకు’ అంటాం కదా, దానికి ఇంగ్లీషులో నెర్వ్ అనాలా, గాల్ అనాలా, చీక్ అనాలా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: నెర్వ్ అనండి. మన గుండె ఎలా రెండు పనులూ చేస్తుందో అదీ అలాగే చేస్తుంది. గుండె ధైర్యం మెచ్చుకోలు, గుండెలు తీసిన బంటు తిట్టు. అదేవిధంగా ఆపదలో నెర్వ్ కోల్పోనివాడు ధీరుడు, అప్పు ఎగ్గొట్టి మళ్లీ అప్పుకు వచ్చినవాడిని చూసి ‘వాట్ ఎ నెర్వ్’ అంటారు. బహువచనంలో ‘నెర్వ్స్’ అంటే మాత్రం పరీక్ష హాలు బయట పడే కంగారు. గాల్ అంటే పైత్యరసం, కనుక ఆ మాటలో చేదు ఎక్కువ. కోపం నిజంగా వచ్చినప్పుడే దానిని వాడండి. చీక్ బ్రిటిష్‌వారి మాట, చిన్నవాళ్ల పెంకితనాన్ని సగం నవ్వుతూ కోప్పడేది.

ఈ వరుసలోనే యిడ్డిష్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘హుట్‌స్పా’ను కూడా చెప్పుకోవాలి. తల్లిదండ్రులను చంపినవాడు న్యాయమూర్తి ఎదుట నిలబడి, తాను తల్లీదండ్రీ లేని అనాథనని, దయచూపమని వేడుకోవడమే హుట్‌స్పా అని ఒక పాత హాస్యకథ ఉంది. అంతటి సిగ్గులేనితనాన్ని చూసి నోరు వెళ్లబెట్టడమే కాక, లోలోపల కాస్త ముచ్చటపడటం కూడా ఆ మాటలో ఉంది. అందుకే అమెరికాలో వ్యాపారస్థుల గురించి రాసేటప్పుడు దీనిని పొగడ్తగా కూడా వాడుతారు.

ప్రశ్న: మా బంధువు ఒకావిడ నన్ను ‘బోల్డ్ గర్ల్’ అన్నారు. సంతోషించాలా? ఇంటర్వ్యూలో నా గురించి అలా చెప్పుకోవచ్చా? – ఒక విద్యార్థిని, రాజాం

జవాబు: బోల్డ్ స్వతహాగా మంచి మాటే. మన సినిమా వార్తలు దానిని ఒంటిమీది బట్టల కొలతకు దించాయి. ఐర్లండులో తల్లులు అల్లరి పిల్లలను బోల్డ్ అని కోప్పడతారు. మన ఇళ్లలో మరో తేడా ఉంది: పెద్దల మధ్య అబ్బాయి గట్టిగా మాట్లాడితే కాన్ఫిడెంట్ అంటారు, అవే మాటలు అమ్మాయి మాట్లాడితే బోల్డ్ అంటారు, ఇంకొంచెం గిట్టకపోతే ఫార్వర్డ్ అంటారు. ఆ తేడా మాటలో లేదు, అనేవారిలో ఉంది. మీ బంధువు ఆ మాట మీతోనే అన్నారా, మీ అమ్మగారితో గొంతు తగ్గించి అన్నారా అన్నదాన్ని బట్టి ఆవిడ ఉద్దేశం మీకే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం ‘ఐ యామ్ బోల్డ్’ అని చెప్పుకోకండి. నిర్ణయం బోల్డ్ కావచ్చు, ఆలోచన బోల్డ్ కావచ్చు. తనను తాను బోల్డ్ అని పరిచయం చేసుకుంటే వినేవారికి గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. కళాశాలలో మీరు చొరవ తీసుకుని చేసిన పని ఒకటి ఎంచుకుని, దానిని రెండు వాక్యాల్లో చెప్పండి.