హరితకు మామయ్య ఉత్తరం: రీజనింగు సంగతి

చిత్తూరు

చి. హరితకు ఆశీస్సులు.

బ్యాంకు క్లర్కు పరీక్ష కోసం నువ్వు రాసి పంపిన మాక్ టెస్టు పేపర్లన్నీ చూశాను. ఇంగ్లీషు, లెక్కలు పరవాలేదు. రీజనింగులోనే, అంటే తర్కం ప్రశ్నల్లోనే వెనకబడుతున్నావు. బాలాజీ కాలనీ గదిలో కూర్చుని రోజుకొక టెస్టు రాస్తున్నావని అమ్మ గొప్పగా చెప్పింది. రాసిన దాన్ని మళ్లీ తెరిచి చూస్తున్నట్టు మాత్రం నాకు అనిపించలేదు. నీ తప్పుల్లో చాలావాటికి మూలం ఒకటే: ప్రశ్నలో లేనిదాన్ని నువ్వు కలుపుతున్నావు.

సిలాజిజం చూడు, అంటే ఇచ్చిన వాక్యాల నుంచి ఏ ముగింపు తప్పక వస్తుందో తేల్చే ప్రశ్న. ‘లడ్డూలన్నీ ప్రసాదాలు. కొన్ని ప్రసాదాలు పులిహోర.’ ముగింపులు రెండు ఇచ్చారనుకో: ఒకటి, కొన్ని లడ్డూలు పులిహోర, రెండు, ఏ లడ్డూ పులిహోర కాదు. తిరుపతిలో ఉన్నదానివి, రెండోదానికి కళ్లు మూసుకుని టిక్కు పెడతావు. కొండమీద పోటులో ఏం వండుతారన్నది ఇక్కడ అనవసరం. ప్రసాదాల వృత్తం గీసి, లోపల లడ్డూల వృత్తం పెట్టు. పులిహోర వృత్తం ప్రసాదాల్లోకి కొంత రావాలి. లడ్డూలను తాకాలో వద్దో ఎవరూ చెప్పలేదు. తాకేలా ఒకటి, తాకకుండా ఒకటి గీయవచ్చు. కాబట్టి విడిగా ఏ ముగింపూ నిలవదు. కానీ ఆ రెండిట్లో ఏదో ఒకటి నిజం కాక తప్పదు. అందుకే జవాబు ‘ఒకటి లేదా రెండు’. ‘కొన్ని’, ‘ఏదీ కాదు’ అనే ఈ జంట అవే పదాలతో కనిపించి, విడిగా రెండూ తేలకపోతే, ఆ జవాబే పెట్టు.

రక్తసంబంధాల ప్రశ్నల్లోనూ ఇదే గొడవ. మన ఇళ్లలో మేనమామే మామగారు అవుతాడు. ప్రశ్నపత్రంలో మేనరికాలు కలపకు. ఒక వ్యక్తి ఆడో మగో చెప్పకపోతే ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగు.

గుండ్రంగా ఎవరెక్కడ కూర్చున్నారో తేల్చే సీటింగు అరేంజిమెంటు దగ్గర నీ రఫ్ కాగితం చూస్తే కొట్టివేతలే. ఖాయమైన సమాచారంతో మొదలుపెట్టు. ‘పక్కన లేడు’ లాంటివి చివరికి వాడు. ఒక ఆధారం రెండు చోట్లకు సరిపోతే ఊహించి ఒకటి ఎంచుకోకు, రెండు వృత్తాలూ పక్కపక్కనే గీయి. తర్వాతి ఆధారాలతో వాటిలో ఒకటి దానంతటదే చెడిపోతుంది. కేంద్రంవైపు ముఖం పెట్టి కూర్చుంటే కుడిచేయి అపసవ్య దిశలో ఉంటుంది; బయటికి తిరిగితే సవ్య దిశలో. ఇది వేళ్ల మీద ఉండాలి, పరీక్షలో ఆలోచించే విషయం కాదు.

గడియారాలు, క్యాలెండర్లు నీకు వచ్చు, వాటిమీద ఇక కూర్చోవద్దు.

బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో, అంటే తొలి దశ పరీక్షలో, రీజనింగుకు 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు పోతుంది. అసమానతలు, సిలాజిజం, దిక్కులు, అక్షరాల వరుసలు ముందు ముగించు. పజిల్స్‌లో అన్నీ చదివి, ఖాయమైన ఆధారాలు ఎక్కువున్న దాన్ని పట్టుకో. మూడు నిమిషాల్లో బొమ్మ నిలబడకపోతే వదిలెయ్. అంత సమయం పోశాక వదలబుద్ధి కాదు, తెలుసు, అయినా వదలాలి. కోచింగుల్లో అమ్మే ‘పది సెకన్ల ట్రిక్కుల’ మీద నాకు నమ్మకం లేదు. ప్రశ్న కాస్త మారిందంటే అవి పనికిరావు.

వచ్చే రెండు వారాలు టెస్టులు రోజు విడిచి రోజు చాలు. మధ్య రోజున తప్పయిన ప్రశ్నలను జవాబు చూడకుండా మళ్లీ చేసి, ప్రతిదాని పక్కన ‘లేనిది కలిపాను’, ‘బొమ్మ తప్పు’, ‘సమయం చాలలేదు’ అని ఏదో ఒకటి రాయి. ఆ నోటుబుక్కు పేజీలు ఆదివారం ఫోనులో పంపు. నాన్నగారు మార్కులు అడుగుతున్నారట. ఈ రెండు వారాలు అడగవద్దని నేను చెబుతాను.

మామయ్య