అమ్మ బదులు నేను సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు క్యాన్సర్ నాలుగో దశ. ఉన్న మందులు ఇక పనిచేయడం లేదని, కొత్త మందుపై మొదటి దశ క్లినికల్ ట్రయల్‌లో చేరతారా అని డాక్టర్లు అడిగారు. జబ్బు ఇంత ముదిరిన సంగతి అమ్మకు చెప్పలేదు. ఆమె బదులు నేను సంతకం పెట్టొచ్చా? పెడితే, తర్వాత ఏమైనా జరిగినా అడిగే హక్కు పోతుందా?

జవాబు: మీరు పెట్టకూడదు. అమ్మ స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకోగలిగితే నిర్ణయం ఆమెదే. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, రోగి సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉంటేనే చట్టబద్ధ ప్రతినిధి సంతకం చెల్లుతుంది. తట్టుకోలేరేమోనన్న మీ భయం ఆ స్థితి కిందకు రాదు.

ప్రేమ కొద్దీ దాచారని నాకు తెలుసు. కానీ మొదటి దశ ట్రయల్‌లో ముఖ్యంగా చూసేది జబ్బు నయమవుతుందా అని కాదు, ఎంత మోతాదు వరకు శరీరం తట్టుకుంటుంది, ఏ దుష్ప్రభావాలు వస్తాయి అని. కొద్దిమందికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ పోతారు. కొందరికి కణితి తగ్గొచ్చు. ఆ హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. పదేపదే రక్తపరీక్షలు, స్కాన్లు, ఆస్పత్రికి రాకపోకలు ఉంటాయి. మిగిలిన కాలాన్ని ఇలా గడపాలా, నొప్పి తగ్గించే చికిత్సతో ఇంట్లో ఉండాలా అన్నది అమ్మే తేల్చుకోవాలి. నిజం తెలియకుండా ఒప్పుకుంటే అది సమ్మతే కాదు. డాక్టరును కూర్చోబెట్టుకుని ముందు ఆమెకు చెప్పండి.

ఇక హక్కుల మాట. సంతకంతో ఏ హక్కూ పోదు. అలా రాసిన షరతు ఫారంలో కనిపిస్తే ఎథిక్స్ కమిటీకి (ట్రయల్‌లో చేరినవారి హక్కులు, భద్రత చూసే కమిటీకి) ఫిర్యాదు చేయండి. ట్రయల్ వల్ల హాని జరిగితే చికిత్స ఉచితంగా అందించాలి, పరిహారమూ చెల్లించాలి. ట్రయల్ వల్ల మరణిస్తే పరిహారాన్ని 8 లక్షల రూపాయలు మూల మొత్తంగా తీసుకుని, వయసును, జబ్బు తీవ్రతను బట్టి లెక్కకడతారు. ఆరు నెలలకు మించి బతకరనుకునే రోగుల విషయంలో ఆ మొత్తం బాగా తగ్గుతుంది, ఇది ముందే తెలుసుకోండి. జబ్బు ముదరడం వల్లే మరణం సంభవించిందని తేలితే పరిహారం రాదు. వివాదమంతా సాధారణంగా ఇక్కడే వస్తుంది. అందుకే సమాచార పత్రం, సంతకమైన సమ్మతి పత్రం నకళ్లు తప్పక తీసుకోండి, ఇవ్వడం వారి బాధ్యత. చేరే నాటి రిపోర్టులన్నీ దాచుకోండి.

అమ్మ ఎప్పుడు వద్దనుకున్నా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. ఆ కారణంగా మామూలు వైద్యం ఆపకూడదు.