మోకాలి గుజ్జు సూదిమందుతో పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్ల క్రితం ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డాను. అప్పటి నుంచీ ఎడమ మోకాలు నొప్పి, మెట్లు దిగేటప్పుడు పట్టేసినట్టు ఉంటోంది. తొడ ఎముక చివర కార్టిలేజ్ ఒకచోట 3 చదరపు సెంటీమీటర్ల మేర పూర్తిగా పోయిందని ఎంఆర్‌ఐలో వచ్చింది. అమ్మకు 66 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. టిష్యూ ఇంజినీరింగ్‌తో, అంటే ల్యాబ్‌లో కణాలు పెంచి, కొత్త గుజ్జు తయారు చేస్తున్నారని చదివాను. ఒక క్లినిక్‌లో అయితే స్టెమ్ సెల్ (వేరే కణాలుగా మారగల మూలకణాల) ఇంజెక్షన్ ఒక్కటి చేస్తే ఇద్దరికీ గుజ్జు పెరుగుతుందంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: ఆ ఇంజెక్షన్ జోలికి వెళ్లకండి. ఎందుకో చెప్తాను.

అసలు ‘గుజ్జు’ అన్న మాటే మనల్ని తికమక పెడుతుంది. అదేదో మెత్తటి పదార్థమని, తగ్గితే సూదితో నింపేయొచ్చని అనిపిస్తుంది. ఆర్థ్రోస్కోప్‌తో, అంటే సన్నటి గొట్టం లాంటి కెమెరాతో, కీలు లోపల చూస్తే అక్కడ గుజ్జులాంటిదేమీ ఉండదు. ఎముక చివర తెల్లగా, పింగాణీలా నిగనిగలాడే పొర ఉంటుంది. అదే కార్టిలేజ్. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. చిన్న కొక్కెంతో నొక్కితే కాస్త లోపలికి దిగి, వదలగానే పైకి లేస్తుంది. మీలా దెబ్బ తగిలిన చోట కొక్కెం అంచు దాటి నేరుగా ఎముకకు తగులుతుంది. ఈ పొరలో కణాలు చాలా తక్కువ. రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. ఎముక విరిగితే రక్తంతో పాటు మరమ్మతు చేసే కణాలు వచ్చి అతికిస్తాయి. కార్టిలేజ్‌కు ఆ దారి లేదు. ఒకసారి పోతే అది తిరిగి రాదని విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే రాశారు.

1994లో స్వీడన్ డాక్టర్లు దీనికో దారి చూపించారు. రోగి మోకాలి నుంచే కొద్దిగా కార్టిలేజ్ తీసి, అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచి, కార్టిలేజ్ పోయిన గుంటలో వేసి, ఎముక పైపొర ముక్కతో కుట్టి మూశారు. మొత్తం 23 మంది. తొడ ఎముక మీద చేయించుకున్న 16 మందిలో 14 మందికి మంచి ఫలితం వచ్చింది. మోకాలిచిప్ప వెనుక చేసిన ఏడుగురిలో మాత్రం ఇద్దరికే. మీ గుంట తొడ ఎముక మీద ఉంది కాబట్టి ఈ తేడా మీకు ముఖ్యం.

ల్యాబ్‌లో ఒక చిక్కు ఉంది. ఈ రంగంలో నన్ను బాగా ఆకట్టుకున్నది అదే. గుండ్రంగా ఉండే కార్టిలేజ్ కణాన్ని చదునైన ప్లాస్టిక్ డిష్‌లో పెంచితే, సాగి బల్లపరుపుగా అయిపోయి తన పని మర్చిపోతుంది. కార్టిలేజ్‌కు గట్టిదనం ఇచ్చే టైప్ 2 కొలాజెన్ అనే ప్రొటీన్ బదులు, మానిన గాయపు మచ్చలో ఉండే టైప్ 1 తయారు చేయడం మొదలుపెడుతుంది. అదే కణాన్ని జెల్ లోపల పెడితే మళ్లీ గుండ్రంగా మారి పాత పనిలో పడుతుంది. అందుకే పరిశోధకులు కణాల కోసం ఎంత కష్టపడతారో, అవి పట్టుకుని నిలబడే ఆధారం, అంటే స్కాఫోల్డ్, కోసమూ అంతే కష్టపడతారు. 2016 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన పద్ధతిలో కణాలను కొలాజెన్ పొర మీద పెంచి, గుంట కొలతకు కత్తిరించి అతికిస్తారు. కీలులోకి వట్టి సూదితో వదిలిన కణాలకు అలా నిలబడే చోటు ఎక్కడుంది?

కార్టిలేజ్‌తో పాటు కింది ఎముక కూడా పోతే ఇబ్బంది మరోలా ఉంటుంది. పెద్ద ముక్క పోయినప్పుడు కాల్షియం ఫాస్ఫేట్‌తో చేసిన, సన్నటి రంధ్రాలున్న స్కాఫోల్డ్ పెడతారు. రక్తనాళాలు లోపలిదాకా చేరకపోతే మధ్యలో ఉన్న కణాలు ఆక్సిజన్ అందక చనిపోతాయి. మీకు ఎముక బాగానే ఉంటే ఆ టెన్షన్ అక్కర్లేదు.

మీ వయసులో, ఒక్కచోటే గుంట ఉంది కాబట్టి పైన చెప్పిన కణాల మార్పిడి గురించి డాక్టర్‌ను అడగదగ్గదే. రెండు ఆపరేషన్లు, మధ్యలో కొన్ని వారాలు ఆగడం, ఆ తర్వాత కొన్ని వారాలు చేతికర్రలు. మళ్లీ ఫుట్‌బాల్ అంటే ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. ఆ ఓపిక మీకుందో లేదో ముందే ఆలోచించుకోండి.

అమ్మగారి సంగతి వేరు. గోడకు ఒకచోట పెచ్చు ఊడటం వేరు, గోడంతా చెమ్మ పట్టడం వేరు. ఆర్థరైటిస్‌లో పొరతో పాటు కింద ఎముక, చుట్టూ ఉన్న కండరాలు, కీలు లోపలి పొర అన్నీ దెబ్బతింటాయి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో అలాంటి మోకాలిలో కార్టిలేజ్ తిరిగి పెరుగుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. ఆవిడకు తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు ఎక్కువుంటే తగ్గడం నిజంగా పనిచేస్తాయి. నడవడమే కష్టమైతే కీలు మార్పిడి ఉంది, భయపడాల్సిన పని లేదు.

ఆ క్లినిక్‌కు మళ్లీ వెళ్తే సిరంజిలో ఏముందో, కణాలు ఎక్కడి నుంచి తీశారో, ఈ చికిత్సకు ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందో లేదో అడగండి. కాగితం చూపించకపోతే లేచి వచ్చేయండి.

సర్జన్ దగ్గరకు ఎంఆర్‌ఐతో పాటు, నిలబడి తీయించిన పూర్తి కాలి ఎక్స్-రే కూడా తీసుకెళ్లండి. కాలు కొద్దిగా వంకరగా ఉన్నా, లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగి ఉన్నా ముందు అది సరిచేయాలి. లేకపోతే కొత్తగా పెట్టిన పొర మీదా అదే బరువు పడి, అదీ అరిగిపోతుంది.