అరిగిన తాళంచెవికి నకలు తీయించవద్దు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. కారు తాళంచెవిని రెండు మూడుసార్లు అటూఇటూ కదిపి, వెంట్రుకవాసి బయటికి లాగి తిప్పితే తప్ప ఇంజను అందుకోవడం లేదని రాశావు. రెండో చెవి ఇల్లు మారినప్పుడు పోయిందనీ, ఉన్నదాన్నే పట్టుకెళ్ళి రేపోమాపో నకలు తీయిస్తాననీ రాశావు. ఆ చివరి మాట చదవగానే కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒక్క నాలుగు రోజులు ఆగు తల్లీ. ముందు ఇది చదువు.

తాళం లోపల ఏముందో తెలిస్తే మిగతాదంతా నీకే తోస్తుంది. మీ నాన్న కారు లాంటి పాత కార్ల తాళాల్లో, తిరిగే భాగం ఒక గుండ్రటి లోహపు దిమ్మె. అందులో సన్నని రేకు పలకలు వరుసగా కూర్చి ఉంటాయి. ఒక్కో పలక మధ్యలో చెవి దూరే కన్నం, పక్కనే చిన్న స్ప్రింగు. చెవి లేనప్పుడు స్ప్రింగులు ఆ పలకలను దిమ్మె అంచు దాటించి, చుట్టూ ఉన్న గూటి గాడిలోకి నెడతాయి. అందుకే దిమ్మె కదలదు. సరైన చెవి లోపలికి వెళితే దాని గాట్లు ప్రతి పలకనూ దిమ్మె అంచుకు సమంగా నిలబెడతాయి. అన్నీ సమంగా నిలిస్తేనే తాళం తిరుగుతుంది.

ఆ గాట్ల లోతులు ఎలా పడితే అలా ఉండవు. తయారీదారు మూడో నాలుగో అయిదో లోతులను ముందే నిర్ణయించుకుని, ఒక్కోదానికి ఒక అంకె పెడతాడు. ఒక లోతుకూ మరో లోతుకూ మధ్య తేడా చాలా తాళాల్లో అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. అంటే నీ చేతిలో ఉన్నది లోహం మీద చెక్కిన ఒక వరుస అంకెలు. చెవి అరిగిపోయినా ఆ అంకెలు మాత్రం మారవు. నువ్వు వెతకవలసింది వాటిని.

చెవులను ఎక్కువగా ఇత్తడితోనో జర్మన్ సిల్వర్‌తోనో చేస్తారు. మెత్తని లోహం కాబట్టి ఏళ్ళ తరబడి లోపలికీ బయటికీ పోతూ వస్తూ గాట్ల మధ్య శిఖరాలు గుండ్రబడతాయి, అడుగులు కూడా కొంచెం దిగుతాయి. నకలు తీసే యంత్రంలో ఒక పక్క పాత చెవిని, మరో పక్క గాట్లు లేని ఖాళీ చెవిని బిగిస్తారు. ఒక సూది పాత చెవి వెంట నడుస్తుంటే, దానితో జతగా కదిలే చక్రం కొత్తదాన్ని కోస్తుంది. సూదికి అసలు లోతు తెలియదు, అరుగుదల ఏదో తెలియదు. ఉన్నది ఉన్నట్టు దించుతుంది. బిగింపులో వచ్చే చిన్న తేడా దానికి తోడవుతుంది. చేతికి వచ్చేది కొత్తగా మెరిసే అరిగిన చెవి.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. నా మొదటి కారుకు నకలుకు నకలు, దానికి మళ్ళీ నకలు తీయించాను. మూడోది నాలుగు నెలలు పనిచేసింది. ఒక రాత్రి వానలో బండి నడిరోడ్డు మీద ఆగితే, మళ్ళీ తిప్పబోతే చెవి తిరగలేదు. చలికి, కంగారుకు బలమంతా పెట్టాను. తల నా చేతిలో ఉండిపోయింది, మొన ఇగ్నిషన్‌లో ఉండిపోయింది. వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఆమెను ఆ వానలో దింపి నడిపించిన సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

అంకెలు దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి. కారు కొన్న రోజు నేను మీ నాన్న పక్కనే ఉన్నాను. రెండు చెవులతో పాటు బొటనవేలి గోరంత రేకు బిళ్ళ ఒకటి తీగకు గుచ్చి ఇచ్చారు. దాని మీద నంబరు కొట్టి ఉంది. మీ నాన్న కాగితమేదీ పారేసే మనిషి కాదు, కాబట్టి బండి కాగితాల్లో దాన్ని జాగ్రత్తగా వెతుకు. కొన్ని కార్లకు ఆ నంబరు చెవి తల మీదే ఉంటుంది, కొన్నింటికి తలుపు తాళం ఒంటి మీద కొట్టి ఉంటుంది. ఆ నంబరే నేరుగా లోతుల అంకెలు కాకపోవచ్చు. దాన్ని పట్టికలో చూసి లోతులు తెలుసుకోవడం తాళాల పనివారికి తెలిసిన పని. డీలరు దగ్గర ఛాసిస్ నంబరును బట్టి కూడా వివరాలు దొరకవచ్చు, అయితే పాత కార్ల వివరాలు అన్ని చోట్లా నిలవ ఉండవు. అడగడానికి వెళ్ళేటప్పుడు రిజిస్ట్రేషన్ పత్రం, నీ గుర్తింపు కార్డు తీసుకెళ్ళు. అవి అడగకుండానే చెవి చేసి ఇస్తానన్న మనిషి నీ కారుకు ఇంకెవరికైనా చేసి ఇవ్వగలడు. అక్కడి నుంచి వచ్చేయ్.

బిళ్ళ దొరకకపోతే దిగులు వద్దు. కారులో అన్నిటికంటే తక్కువ తిరిగిన తాళం ఏదో ఆలోచించు. డ్రైవరు పక్క సీటు వైపు తలుపు. మీ నాన్న ఆ తాళాన్ని ఏడాదికి పదిసార్లు తిప్పి ఉంటే ఎక్కువ. దాన్ని ఊడదీయించి, లోపలి పలకలు చదివించు. చాలా తాళాల్లో పలకల మీద లోతు అంకె సన్నగా కొట్టే ఉంటుంది. కొన్ని కార్లలో తలుపు తాళానికి ఇగ్నిషన్ కంటే పలకలు తక్కువ, కాబట్టి ఒకటి రెండు గాట్ల లెక్క మిగిలిపోవచ్చు. వాటిని నీ అరిగిన చెవి మీద వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించు. అరిగిన గాటులో లోహం తగ్గుతుందే గాని పెరగదు కదా. కొలత రెండు లోతుల మధ్య పడితే పైదే, అంటే లోతు తక్కువున్నదే అసలుది. ఈ ఒక్క సంగతి తెలిసిన పనివాడు దొరికితే నీ పని సగం అయినట్టే.

బొత్తిగా చెవే లేనివారికి కూడా దారి ఉంది. నీకు ఆ అవసరం రాలేదు గాని, నేను ఒకసారి పక్కన కూర్చుని చూశాను కాబట్టి రాయకుండా ఉండలేను. పనివాడు ఖాళీ చెవిని తాళంలో పెట్టి, బిగువుగా తిప్పుతూ మెల్లగా కదిపాడు. బయటికి తీసి వెలుతురులో చూస్తే, పలకలు నొక్కుకున్న చోట కంటికి ఆనీ ఆనని గీతలు. అక్కడ ఆకురాయితో రెండు రుద్దులు, మళ్ళీ లోపలికి, మళ్ళీ వెలుతురులోకి. ఇలా గంటకు పైగా జరిగింది. ఒక్కో పలక సరైన చోటికి రాగానే అక్కడ గీత పడటం ఆగిపోతుంది. చివరికి తాళం తిరిగినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన వెలుగు నాకు బాగా గుర్తు. అలాంటి పనితనం ఉన్నవారికి అడిగిన కూలి ఇవ్వాలి, బేరం ఆడకూడదు.

ఖాళీ చెవి ఎంచేటప్పుడు దాని ఒంటి వెంట నిలువునా సాగే గాడులు పాతదానితో సరిపోవాలి. దాదాపు సరిపోయింది అంటే సరిపోలేదనే అర్థం. అల్యూమినియం చెవులు తేలికగా, రంగురంగులుగా ఉంటాయి, కాని ఇగ్నిషన్‌లో రోజూ తిప్పడానికి వాటికి బలం చాలదు.

కొత్త చెవి చేతికి రాగానే గాట్ల అంచుల్లో లోహపు ముళ్ళు మిగిలాయేమో చూసి, ఉంటే తీగ బ్రష్‌తో తీయించు. మొదట తలుపు తెరిచి ఉంచి, తలుపు తాళంలో పరీక్షించు. మూసిన తలుపు మీద ప్రయోగం చేసి బయట చిక్కుకోవద్దు. తరువాత డిక్కీ, చివరిగా ఇగ్నిషన్. అడ్డు లేకుండా లోపలికి జారాలి, రెండు వేళ్ళ బలంతో తిరగాలి. తిరగకపోతే చెవినే తప్పు పట్టకు. స్టీరింగ్ లాక్ బిగుసుకుని ఉండవచ్చు. ఒక చేత్తో స్టీరింగ్‌ను ఇటు అటు కొద్దిగా కదుపుతూ రెండో చేత్తో చెవి తిప్పి చూడు. చాలామంది ఇది తెలియక మంచి చెవులను విరగ్గొట్టుకుంటారు.

ఇంకో సంగతి ముందే చెబుతున్నాను, లేకపోతే నా మాట మీద నమ్మకం పోతుంది. లెక్క ప్రకారం కోసిన చెవి నీ ఇగ్నిషన్‌లో పాతదానికంటే బిరుసుగా తిరగవచ్చు. ఇన్నేళ్ళుగా చెవితో పాటు లోపలి పలకలూ అరిగాయి కదా. అలా అయితే తప్పు తాళానిది. పలకలు మార్పిస్తే చాలు, తాళమంతా మార్చనక్కరలేదు. ఇంజను నడుస్తుండగా చెవి దానంతట అదే బయటికి వచ్చేస్తోందా అన్నది కూడా, బండి కదలకుండా నిలిపి ఉంచి, చూడు. వస్తుంటే తాళం బాగా అరిగినట్టే. అదంతా తేలేదాకా పాత చెవిని దాచి ఉంచు.

తాళాల్లో నూనె పోయవద్దు. పోసిన రోజు హాయిగా తిరుగుతుంది, ఆ తరువాత దుమ్మంతా పట్టి బంకగా మారుతుంది. పొడి గ్రాఫైట్ గాని, పొడిగా ఆరిపోయే టెఫ్లాన్ స్ప్రే గాని వాడు. రెండిట్లో ఏదో ఒకటే.

ఎప్పుడైనా చెవి విరిగి లోపల ఉండిపోతే, జిగురు రాసి అతికించి లాగుదామనుకోవద్దు. ఆ జిగురు పలకలకు అంటుకుంటే తాళమే పోతుంది. చెవి దూరే స్థితికి దిమ్మె తిరిగి ఉంటేనే ముక్క బయటికి వస్తుంది. సన్నని రంపపు బ్లేడు ముక్కతో, పళ్ళు తన వైపుకు ఉండేలా పెట్టి, మెల్లగా లాగడం పనివారి పద్ధతి. బండిని లాగించుకు పోవలసి వస్తే స్టీరింగ్ లాక్ పడి ఉందని లాగేవాడికి చెప్పు. ముందు చక్రాలు పక్కలకు మళ్ళకుండా బిగిసిపోయిన బండిని వాటి మీద ఈడ్వకూడదు.

నీ చెవుల గుత్తి ఫొటోలో చూశాను. ఇంటి చెవులు, బీరువా చెవి, ఇత్తడి ఏనుగు బొమ్మ. బండి కుదుపుకు ఆ బరువంతా ఊగుతూ ఇగ్నిషన్‌ను లాగుతుంది. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల పాత కార్లను వెనక్కి పిలిపించింది. వాటి ఇగ్నిషన్ స్విచ్‌లో పట్టు తక్కువై, నడుస్తుండగానే చెవి వెనక్కి తిరిగి ఇంజను ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు పనిచేయకుండా పోయేవి. ప్రాణాలు పోయాయి. అక్కడి లోపం స్విచ్‌దే, అయినా బాగుచేసేదాకా గుత్తి తీసేసి ఒక్క చెవితోనే నడపమని సంస్థే చెప్పవలసి వచ్చింది. ఆ ఏనుగును ఇంట్లో పెట్టు.

నీ స్నేహితురాలి కారు గురించి అడిగావు. దాని చెవి తల లావుగా ప్లాస్టిక్‌తో ఉందన్నావు కాబట్టి లోపల చిప్ ఉండవచ్చు. ఐరోపాలో 1998 అక్టోబరు నుంచి, ఆస్ట్రేలియాలో 2001 జూలై నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్, అంటే సరైన చిప్ లేనిదే ఇంజనును నడవనివ్వని ఏర్పాటు, తప్పనిసరి అయింది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట ఆ చిప్‌కు శక్తినిస్తుంది, అది తన సంకేతం పంపితేనే ఇంజను నడుస్తుంది. గాట్లు ఎంత చక్కగా కోసినా చిప్ నమోదు కాకపోతే ఇంజను అందుకోదు, లేదా అందుకుని క్షణంలో ఆగిపోతుంది. కొన్ని ఫియట్ కార్లకు ఎర్ర తల ఉన్న మాస్టర్ చెవి ఇచ్చేవారు. కొత్తవి నమోదు చేయడానికి అదే ఆధారం. కొన్ని ఫోర్డ్ కార్లలో నమోదైన రెండు చెవులు చేతిలో ఉంటే మూడోదాన్ని యజమానే నమోదు చేసుకోవచ్చు, ఒక్కటే ఉంటే కుదరదు. ఆమెకు ఇంకా రెండున్నాయి కదా, మూడోది ఈ నెలలోనే చేయించుకోమను. పోయిన చెవి ఏదైనా ఉంటే దాని నమోదు చెరిపించమను.

నీ పోయిన చెవి కూడా చిరునామా ఉన్న సంచితో పాటు పోయిందా? అయితే పలకలు మార్పించి కొత్త అంకెలు పెట్టించుకోవడమే మేలు. ఊరికే ఎక్కడో జారిపోయిందంటే అంత అవసరం లేదు.

నువ్వు పంపిన ఫొటోను నా ఫోనులోంచి చెరిపేశాను. నువ్వూ చెరిపెయ్. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియెగో పరిశోధకులు దూరం నుంచి తీసిన ఫొటోను బట్టి ఇంటి తాళంచెవి గాట్లు లెక్కగట్టి చూపించారు. గాట్లు కనిపిస్తే చెవి ఇచ్చేసినట్టే.

చెవులు రెండు కోయించు. ఒకటి రోజూ వాడు, రెండోది ఎక్కడా వాడకుండా దాచు. ఎప్పుడైనా మళ్ళీ నకలు తీయించాలంటే దాచినదాన్నే యంత్రంలో పెట్టాలి.

ఆ రేకు బిళ్ళ మీ నాన్న నీలం ఫైలులో ఉండాలి. రసీదు వెనక, పారదర్శకపు కవరులో పెట్టడం నాకు కళ్ళకు కట్టినట్టుంది. దొరికితే దొరికిందని మాత్రం రాయి, నంబరు రాయకు.

ఇట్లు,
మీ పెదనాన్న