భీంబేట్కా, సాంచీ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ భోపాల్ యాత్రా వ్యాసం చదివాను. ఊళ్లు చుట్టేసినంత వేగంగా వ్యాసాన్నీ చుట్టేశావు. ఆదిమానవుల బొమ్మలున్న భీంబేట్కా రాతి గుహలను 1957లో పురావస్తు శాస్త్రవేత్త వాకణ్కర్ గుర్తించారనీ, 2003లో యునెస్కో జాబితాలో చేరిందనీ రాశావు. రెండూ నిజమే. కానీ నువ్వు నిలబడి చూసిన బొమ్మ ఒక్కటీ నాకు కనబడలేదు.

ఈసారి వెళ్తే, జూ రాక్ అంటారే, ఆ రాయి ముందు గంటసేపు కూర్చో. మొదట జంతువుల గుంపే కనిపిస్తుంది. చూడగా చూడగా, ఎరుపు, తెలుపు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయని తెలుస్తుంది. పాత బొమ్మను చెరిపెయ్యకుండా దాని మీదే కొత్తది వేశారు. ఇంకో చోట గుర్రాలెక్కి ఆయుధాలు పట్టినవాళ్లుంటారు. అవి బాగా తర్వాతి కాలానివి. అంటే ఎన్ని తరాలు ఆ కొండకే తిరిగొచ్చాయో ఆలోచించు! ఏ గీత కింద ఏ గీత ఉందో నోట్‌బుక్‌లో గీసుకో. ఫొటో తీసుకున్నాం కదా అని ఊరుకోకు.

నాట్యం చేస్తున్న మనుషుల్ని చూసి ‘ఇది వానదేవుడి పూజ’ అని తేల్చేశావు. అది నాకు మింగుడుపడలేదు. ఆ బొమ్మలు వేసినవాళ్లు ఒక్క అక్షరమూ వదిలి వెళ్లలేదు. వరసగా నిలబడి ఆడుతున్నారని రాయి. అక్కడితో ఆగు.

సాంచీ బౌద్ధ స్తూపం దగ్గర అలా కాదు. భిక్షుణులు, వర్తకులు, మామూలు గృహస్థులు తమ దానాల గురించి చెక్కించిన శాసనాలు అక్కడ వందల్లో ఉన్నాయి. స్తూపం దక్షిణ తోరణం, అంటే ఆ వైపు రాతి ద్వారం మీద ఒకటి, శాతకర్ణి రాజు దగ్గర శిల్పులకు పెద్ద అయిన ఆనందుడి దానం గురించి చెబుతుంది. అదే తోరణం మీద ఇంకొకటి, ఆ చెక్కడం దగ్గర్లోని విదిశ ఊరి దంతపు పనివాళ్లదని చెబుతుంది. దంతం చెక్కిన చేతులవి! అది తెలిశాక ఆ స్తంభం దగ్గరికి వెళ్లి చూడు, అంత సన్నటి పని రాతిలోకి ఎలా వచ్చిందో అర్థమవుతుంది. పైగా శాతవాహన రాజు పేరు కనబడితే తెలుగు పాఠకుడు వదిలిపెడతాడా? నువ్వేమో ఇదంతా వదిలేసి ‘మహాద్భుతం’ అని రాశావు.

భోజ్‌పూర్ సగంలో ఆగిన గుడి చుట్టూ బండల మీద శిల్పులు గీసుకున్న ప్లాన్లున్నాయి. నీ వ్యాసంలో వాటి ఊసే లేదు. వాటి కోసమైనా మళ్లీ వెళ్లాలి.

ఒక్క మాట. రంగు తేలుతుందని బొమ్మల మీద నీళ్లు చల్లేవాళ్లుంటారు. చల్లనివ్వకు. ముట్టుకోనివ్వకు. ఆ సంగతి వ్యాసంలోనూ రాయి.

తిరగరాసి పంపు. ముందుగా జూ రాక్ పేరా ఒక్కటి చాలు.

మీ అన్నయ్య