ఉద్యోగం చేసుకుంటూ ఫుల్ మారథాన్‌కి తయారవ్వాలంటే రోజూ ఎంత పరిగెత్తాలి?

మీరు అడిగింది ఇదీ: వయసు 43, విజయవాడలో ఉద్యోగం, 10కె రెండుసార్లు పూర్తిచేశారు, డిసెంబర్‌లో విశాఖలో నేవీ మారథాన్‌కి ఫుల్ (42.2 కిలోమీటర్లు) పరిగెత్తాలని ఉంది, చేతిలో ఐదు నెలలున్నాయి. రోజూ ఎన్ని కిలోమీటర్లు చేయాలి, ఇల్లూ ఆఫీసూ చూసుకుంటూ అది కుదిరే పనేనా, మోకాళ్లు పోవు కదా అని.

కుదురుతుందండీ. నేను విశాఖలోనే, ఎంవీపీ కాలనీలో ఉంటాను. నాకు 44, పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా ఆఫీసు, ఇద్దరు పిల్లలు. మొదటి ఏడాది ప్రాక్టీస్ మధ్యలోనే కాలు దెబ్బతిని ఆగిపోయాను, మరుసటి ఏడాది 4 గంటల 52 నిమిషాల్లో పూర్తిచేశాను. ఆ రెండేళ్ల మధ్య నాలో బలమేమీ కొత్తగా రాలేదు, మెల్లగా పరిగెత్తడం నేర్చుకున్నాను, అంతే. మీరు దేన్ని పట్టించుకోకపోయినా దీన్ని మాత్రం పట్టించుకోండి.

మీ ప్రశ్నలో 'రోజూ' అన్న మాట చూడగానే నాకు ఆ మొదటి ఏడాదే గుర్తొచ్చింది. మే నెలలో మొదలుపెట్టి వారానికి ఆరు రోజులు, ప్రతి రోజూ కిలోమీటర్‌కి 6 నిమిషాల పేస్‌లో, నిన్నటికంటే ఇవాళ ఓ పది సెకన్లయినా తగ్గాలని వాచీ చూసుకుంటూ పరిగెత్తేవాణ్ణి. ఎనిమిది వారాలు హాయిగా గడిచాయి, ఆయాసం తగ్గింది, బట్టలు వదులయ్యాయి, అందరూ మెచ్చుకున్నారు. తొమ్మిదో వారంలో కుడికాలి ముందు ఎముకకి లోపలి పక్క, చీలమండకి జానెడు పైన, ఒక నొప్పి మొదలైంది. రెండు కిలోమీటర్లు పరిగెత్తేసరికి మాయమైపోయేది, అందుకే ఇంకో పది రోజులు అలాగే లాగించాను. తర్వాత మెట్లు దిగుతున్నా నొప్పే. వేలితో నొక్కి చూస్తే సరిగ్గా రూపాయి బిళ్లంత చోట ప్రాణం పోయేది. డాక్టర్ గారు ఎంఆర్ఐ తీయించి, ఎముక మీద ఒత్తిడి ఎక్కువైంది, ఇంకా చీలిక రాలేదు, ఇలాగే ఇంకొన్నాళ్లు పరిగెత్తితే వస్తుంది అన్నారు. ఆరు వారాలు పరుగు బంద్. ఆ ఏడాదికి మారథాన్ కూడా పోయింది, కట్టిన ఫీజు కూడా పోయింది.

అప్పుడు ఆయన చెప్పిన విషయమే మీకూ చెప్తున్నాను. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటుపడిపోతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లు అలా కాదు, వాటికి నెలలు పడుతుంది. ఆయాసం రావడం లేదు కదా అని మనం వేగం పెంచేస్తాం, కింద ఎముక మాత్రం ఇంకా పాత లెక్కలోనే ఉంటుంది. కండరం పొడుగునా సలుపుగా ఉంటే ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని చూడొచ్చు, ఒకే చోట, ఎముక మీద, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వస్తే మాత్రం ఆ రోజే ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి. 'రెండు కిలోమీటర్ల తర్వాత తగ్గిపోతోంది' అన్న మాటని నమ్మకండి, నేను నమ్మి చెడ్డాను.

ఆ ఏడాది జులైలో నేను కాలికి కట్టుతో ఇంట్లో ఉండగానే సింహాచలం గిరి ప్రదక్షిణ వచ్చింది. విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. మా అమ్మకి 66, చెప్పుల్లేకుండా ఏటా నడుస్తుంది. రాత్రి అప్పూఘర్ దగ్గర రోడ్డు పక్కన మజ్జిగ సీసా పట్టుకుని ఆమె కోసం నిలబడ్డాను. నా ముందు నుంచి కుర్రాళ్లు గుంపులుగా దూసుకుపోతున్నారు, కొంతమంది అప్పటికే ఫుట్‌పాత్ మీద కూలబడి కాళ్లు నొక్కుకుంటున్నారు. అమ్మ వచ్చింది, నాలుగు గుక్కలు తాగింది, సీసా నా చేతికిచ్చి అదే నడకతో వెళ్లిపోయింది. తెల్లారి ఇంటికొచ్చాక అడిగితే, 'మొదటి అడుగు ఎలా వేశానో ఆఖరి అడుగూ అలాగే వేస్తాను, దాటిపోయేవాళ్లని పోనిస్తాను' అంది. మీరు చేయబోయే అతి పొడవైన లాంగ్ రన్ (వారానికోసారి చేసే పొడవాటి పరుగు) కూడా దాదాపు 32 కిలోమీటర్లే ఉంటుంది, ఆ దూరాన్ని మా అమ్మ ఇరవై ఏళ్లుగా ఏ దెబ్బా తగలకుండా పూర్తిచేస్తోంది. నేను ఎన్ని వీడియోలు చూసినా ఎక్కని సంగతి ఆ రాత్రి ఎక్కింది.

మరి మెల్లగా అంటే ఎంత మెల్లగా? నేను ఎక్కం చెప్పుకుంటాను. పదమూడో ఎక్కం, పైకే. పదమూడు ఏడ్లు తొంభై ఒకటి, పదమూడు ఎనిమిదులు నూట నాలుగు అని మామూలు గొంతుతో రెండు మూడు వరసలు ఒక్క ఊపిరిలో వచ్చేస్తుంటే అది సరైన వేగం. ఒక్కో వరసకీ ఆగి గాలి పీల్చాల్సి వస్తే తగ్గించాలి, తగ్గించినా రాకపోతే కాసేపు నడవాలి, అందులో నామోషీ ఏమీ లేదు. నాకు అది కిలోమీటర్‌కి ఏడున్నర నిమిషాలు, ఆగస్టులో అయితే దాదాపు 8 నిమిషాల దాకా పోయేది. మొదటి మూడు వారాలు చాలా చిరాగ్గా ఉంటుంది, పక్కన నడిచేవాళ్లు కూడా మనతో సమానంగా వస్తున్నట్టు అనిపిస్తుంది. ఓర్చుకోండి. రెండు నెలలకి అదే ఎక్కం, అదే ఊపిరి, కానీ కిలోమీటర్‌కి పట్టే సమయం దానంతటదే 20 సెకన్లు తగ్గి ఉంటుంది.

ఇప్పుడు వారం సంగతి. రోజూ పరిగెత్తొద్దు, నాలుగు రోజులు చాలు. నాది మంగళవారం 8 కిలోమీటర్లు ఎక్కం పేస్‌లో, బుధవారం 10, అందులో మధ్యలో 5 కాస్త గట్టిగా, శుక్రవారం మళ్లీ 10 మెల్లగా, ఆదివారం లాంగ్ రన్. లాంగ్ రన్ 14తో మొదలై వారానికి రెండు కిలోమీటర్ల చొప్పున పెరుగుతూ, ప్రతి నాలుగో వారం వెనక్కి తగ్గుతూ, చివరికి 30, 32 దాకా వెళ్లింది. 30 చేసిన వారం మొత్తం కలిపి 58 కిలోమీటర్లు, దానికంటే ఎక్కువ దాదాపు చేయలేదు. మొదట్లో నా వారం మొత్తం 25 మాత్రమే, మీది కూడా ఇప్పుడు ఎంతుందో అక్కడి నుంచే మొదలుపెట్టండి, నా అంకెల నుంచి కాదు. సోమ, గురువారాల్లో ఇంట్లోనే ఇరవై నిమిషాలు గుంజీళ్లలాంటి స్క్వాట్లు, మెట్టు అంచు మీద నిలబడి మడమలు ఎత్తి దించడం, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం). శనివారం ఏమీ చేయను. బుధవారం ఆ గట్టి పరుగు కూడా మొదటి ఆరు వారాలు పెట్టుకోలేదు, కాలు మళ్లీ ఏమంటుందో అని.

ఉక్కపోత గురించి మీకు విజయవాడలో నేను చెప్పాలా, కానీ ఇది కొలుచుకోవాల్సిన విషయం. గాల్లో తేమ ఎక్కువున్నప్పుడు చెమట కారుతుంది తప్ప ఆరదు, ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, అందుకే అదే పేస్‌లో గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఆగస్టులో ఒక శుక్రవారం పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకున్నాను: 71.4 వెళ్లేటప్పుడు, 70.1 వచ్చాక, మధ్యలో నీళ్లు తాగలేదు. అంటే గంటంబావులో సుమారు లీటరుంబావు పైనే చెమట పోయింది. మీరూ అలా చూసుకోండి, ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. అలాగని మంచినీళ్లు మాత్రమే కడుపు నిండా తాగడం కూడా ప్రమాదమే, గంటల తరబడి పరిగెత్తేటప్పుడు రక్తంలో సోడియం పడిపోతుంది. నేను ఓఆర్ఎస్ కలుపుకుంటాను. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపండి, బరువెందుకు అని ఒకసారి అరలీటరు సీసాలో మొత్తం ప్యాకెట్ కలిపేసి తాగితే కడుపు తిప్పి సాగర్ నగర్ నుంచి ఆటోలో ఇంటికొచ్చాను.

ఆదివారం లాంగ్ రన్ రోజు మూడుంపావుకి లేచి, ఒక అరటిపండు, కాస్త కాఫీ, మూడు ముప్పావుకి రోడ్డు మీద. ఎంవీపీ నుంచి బీచ్ రోడ్డులోకి దిగి ముందు కురుసుర సబ్‌మెరైన్ వైపు వెళ్లి వచ్చి, తర్వాత తెన్నేటి పార్క్ మీదుగా రుషికొండ వైపు, అక్కడ ఎత్తుపల్లాలు ఎక్కువ కాబట్టి కాళ్లు అలవాటవ్వాలని. అంత పొద్దున్నే వీధి కుక్కలుంటాయి, అవి మొరిగితే పరుగు ఆపి నడవండి, పరిగెత్తితే వెంటపడతాయి. చంకల్లో, తొడల మధ్య, ఛాతీ మీద వాజిలిన్ రాసుకోవడం మర్చిపోవద్దు, చెమటకి బట్ట ఒరుసుకుని 25 కిలోమీటర్ల దగ్గర పుండవుతుంది. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, సాధారణంగా 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది, మారథాన్‌లో అందరూ గోడ తగిలింది అనేది అక్కడే. అందుకే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి, అదీ ఆకలి వేయకముందే. నేను గింజలు తీసిన ఖర్జూరాలు చిన్న కవర్లో పెట్టుకుని ప్రతి అరగంటకీ నమిలేవాణ్ణి. జెల్స్ (పరుగులో మింగే తీపి పేస్ట్ ప్యాకెట్లు) పడేవాళ్లు అవి తీసుకోవచ్చు. పల్లీ చిక్కీ ప్రయత్నించాను కానీ పొడి గొంతులో దిగలేదు. మీకు ఏది పడుతుందో ఆదివారాల్లోనే తేల్చుకోండి, అసలు రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టుకోవద్దు, కాళ్లకి కొత్త బూట్లు కూడా వేయొద్దు.

మోకాళ్ల భయం నాకూ ఉండేది. మనలా ఓ మోస్తరుగా పరిగెత్తేవాళ్లకి మోకాళ్లు త్వరగా అరిగిపోతాయన్నది నిజం కాదు, అధిక బరువు, పాత దెబ్బలు, ఒక్కసారిగా దూరం పెంచడం వీటితోనే చిక్కు. వయసు అడ్డంకి అనుకుంటే ఫౌజా సింగ్ గారిని తలుచుకోండి, ఆయన 2000లో లండన్ మారథాన్ పరిగెత్తేనాటికి 89 ఏళ్లు. కానీ 40 దాటాం కాబట్టి బీపీ, షుగర్, ఈసీజీ, డాక్టర్ చెప్తే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) కూడా చేయించుకునే మొదలుపెట్టండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

అన్నిటికంటే కష్టం పరుగు కాదు, నిద్ర. పొద్దున నాలుగింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకి పడుకోవాలి, మన ఇళ్లల్లో భోజనాలే తొమ్మిదికి. మా ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకున్నాం: ఐదు నెలలు ఆదివారం పొద్దున పూట నాది, మధ్యాహ్నం నుంచి మొత్తం వాళ్లది. లాంగ్ రన్ చేసొచ్చి మధ్యాహ్నం పడుకుందామనిపిస్తుంది, అయినా మార్కెట్‌కి నేనే వెళ్లేవాణ్ణి. మా ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదంటే ఆ ఒప్పందం వల్లే. శ్రావణమాసం పెళ్లిళ్లు, ఆఫీసులో నెలాఖరు పనులు వస్తాయి, ఒక పరుగు పోతుంది. పోనివ్వండి, దాన్ని మర్నాడు కలిపి చేయకండి. 20 వారాల్లో నేను తొమ్మిది పరుగులు వదిలేశాను.

చివరి మూడు వారాలు దూరం తగ్గించాలి, దాన్నే టేపర్ అంటారు. అప్పుడు లేని నొప్పులన్నీ ఉన్నట్టు అనిపిస్తుంది, టెన్షన్ వస్తుంది, ఇంకో 30 చేసి చూద్దామా అనిపిస్తుంది, చేయకండి. ఆఖరి రెండు మూడు రోజులు అన్నం, ఇడ్లీ, బంగాళాదుంప కాస్త ఎక్కువ తిని, నూనె వస్తువులు, పీచు తగ్గించాను. బరువు కిలో పెరిగింది, గ్లైకోజెన్‌తో పాటు నీరు కూడా చేరుతుంది కాబట్టి అది మంచిదే.

ఆ రోజు చీకట్లో మొదలయ్యాక మొదటి 10 కిలోమీటర్లలో కనీసం రెండు వందల మంది నన్ను దాటి ఉంటారు. నేను ఎక్కం చెప్పుకుంటూనే ఉన్నాను. 33 దగ్గర తొడలు బిగుసుకుపోయాయి, ఎక్కం ఆగిపోయింది, 13 ఆర్లు ఎంతో కూడా తట్టలేదు, ఒక కిలోమీటర్ నడుస్తూ పరిగెత్తుతూ వెళ్లాను. కానీ అప్పటికి నన్ను దాటినవాళ్లలో చాలామంది నడుస్తున్నారు, నేను ఇంకా పరిగెత్తగలుగుతున్నాను. సముద్రం మీద ఎండ వచ్చేసింది. ఫినిష్ దగ్గర అమ్మ నిలబడి ఉంది, చేతిలో మజ్జిగ సీసా.

మీ ఆఫీసు టైములు, ఇప్పుడు వారానికి ఎన్ని కిలోమీటర్లు చేస్తున్నారో రాయండి, మొదటి నాలుగు వారాలు ఎలా పెట్టుకోవాలో దాన్నిబట్టి చెప్తాను. ఈలోపు ఈ మంగళవారం 6 కిలోమీటర్లు చేసి చూడండి, ఎక్కం ఎన్ని వరసలు వచ్చిందో కూడా చెప్పండి.